నల్లోడికి అభయం

గోళ్లు తీసే కత్తెర అలమరలోంచి బయటికొస్తే చాలు, మా కుక్క నల్లోడు మంచం కిందికి దూరేవాడు. తప్పు నాది. పోయినేడు ఒక ఆదివారం వాణ్ణి వసారాలో పడుకోబెట్టి నేను అదిమి పట్టుకుంటే, మా అబ్బాయి గోళ్లు కత్తిరించాడు. పక్కింటి పెద్దాయన మగ్గం గుంటలోంచే కేకేశాడు: "ఏందయ్యా అట్టా అదిమిపడతావ్, ప్రాణం పోతందనుకోదా అది?" నేను వినలేదు. మూడో గోరు దగ్గర వాడు పెట్టిన అరుపు మాత్రం వీధంతా విన్నది. నాపరాళ్ల మీద నెత్తురు చుక్కలు.

కుక్క గోరు లోపల నెత్తురూ నరమూ ఉన్న మెత్తని కండ ఉంటుంది. తెల్లగోరైతే అది గులాబీరంగులో పైకే కనిపిస్తుంది, నల్లగోళ్లలో కనపడదు. వీధికుక్కలకు ఈ బెడద చాలావరకు లేదు, రోడ్డు మీద తిరిగి తిరిగి గోళ్లు వాటంతటవే అరుగుతాయి. మనం ముద్దుచేసి నున్నని బండల మీద పెంచుకున్న వాటికే పెరిగి, నడిస్తే టిక్కుటిక్కుమంటాయి. అలాగే వదిలేస్తే వేళ్లు పక్కకు తిరిగి నడకే మారిపోతుంది. కాబట్టి తీయక తప్పదు, తీయడం మేలే. ఆ మేలు సంగతి తెలిసింది నాకు, వాడికి తెలిసింది అదిమిన చెయ్యి.

భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ అందరూ చెబుతారు. మొదట్లోనూ ఒక కుక్క ఉంది, దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఆదిపర్వంలో నన్నయ చెప్పిన కథే. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు ఆడుకుంటూ అటు వచ్చాడు. రాజు తమ్ముళ్లు ఆ కుక్కపిల్లను కొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, అటు చూడనైనా లేదు. ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకుంది. సరమ యాగశాలకే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. జవాబు లేదు. అయితే మీకు అనుకోని భయాలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది. అంతటి రాజూ దాంతో నిమ్మళం లేక, శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు.

సరమ రాజుకిచ్చిన శాపాన్నే నేను నల్లోడికి ఇచ్చాననిపించింది. కత్తెర చప్పుడైతే భయం, వసారాలో చాప పరిస్తే భయం, ఆఖరికి నేను వంగి కూర్చున్నా భయమే.

గీత పదహారో అధ్యాయం దైవీసంపదలో మొట్టమొదట లెక్కపెట్టేది అభయాన్నే. మనకు భయం లేకపోవడమనే సాధారణంగా చెప్పుకుంటాం. పన్నెండో అధ్యాయం మాత్రం, ఎవరివల్ల లోకం బెదరదో, లోకంవల్ల ఎవరు బెదరరో వాళ్లు కృష్ణుడికి ఇష్టులంటుంది. ముందు చెప్పింది లోకం బెదరకపోవడం గురించే. సన్యాసం పుచ్చుకునేవారు సమస్త ప్రాణులకూ తమవల్ల భయం లేదని మాటిస్తారు. సంసారిని, నాకు అన్ని ప్రాణులతో పనిలేదు, ఒక్క నల్లోడు చాలు.

ఆరు వారాలు గోరు జోలికే పోలేదు. ముందు భుజం నిమరడం, తర్వాత మోకాలు, తర్వాత పాదం, ముట్టుకున్న ప్రతిసారీ ఉడికిన గుడ్డు ముక్క. కత్తెరను ఊరికే నేలమీద పెడితే వాడే వచ్చి వాసన చూశాడు. దూరంగా కూర్చుని గట్టి పుల్లను కత్తిరిస్తూ ఆ చప్పుడు అలవాటు చేశాను. ఆవలిస్తున్నా, మూతి నాక్కుంటున్నా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా ఆ పూటకు ఆపేయడమే. కాలు లాక్కుంటే వెంటనే వదిలేయాలి. నాకు కష్టమైంది ఇదే.

బలవంతపెడితే ఏమవుతుందో మా పేరాల వాళ్లకు ఒకరు చెప్పాలా? 1921లో మున్సిపాలిటీ పన్నులు నెత్తిన రుద్దితే చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలి, రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. లేచిపోయే దారి ఉంది గనక పోయారు. కుక్కకు ఆ దారి మూసేస్తేనే పళ్లు బయటపడతాయి.

నల్లగోరును బియ్యపుగింజంత చొప్పున తీస్తూ, తెగినచోట చూడాలి. నడుమ ముదురు చుక్క కనిపిస్తే అక్కడితో సరి. చెయ్యి జారి నెత్తురొస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కిపట్టాలి, అయినా ఆగకపోతే పశువుల డాక్టరు దగ్గరికే.

సింగరకొండ మీది నరసింహస్వామిని తలుచుకుంటే ఇప్పుడు నాకు ఆయన గోళ్లే గుర్తుకొస్తాయి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఆ ఉగ్రరూపం దగ్గరికి లక్ష్మీదేవే వెళ్లలేకపోయింది. పసివాడు ప్రహ్లాదుడు వెళ్లాడు. స్వామి అతని తలమీద పెట్టింది ఆ గోళ్లున్న చేతినే.

నల్లోడికి మొత్తం పద్దెనిమిది గోళ్లు, సరిగ్గా భారతంలో పర్వాలన్ని. రోజుకొకటి చొప్పున పదిహేడు అయ్యాయి. ముందుకాలి లోపలి పక్కనుండే గోరు నేలకు తగలదు, అరగదు, వంకర తిరిగి చర్మంలోకి దిగుతుంది. ఎడమకాలిది అదొక్కటే మిగిలింది. రాత్రి పట్టుకోబోతే కాలు మెల్లగా వెనక్కి తీసుకుని నా మొహంలోకి చూశాడు. మంచం కిందికి మాత్రం పోలేదు. కత్తెర మూసి, గుడ్డు ముక్క వాడి ముందు పెట్టాను.