చదువు అప్పు ఎవరికి తీర్చాలి?

మనిషి పుట్టుకతోనే మూడు అప్పులు మోసుకొస్తాడన్న ఆలోచన మన సంప్రదాయంలో చాలా పాతది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి ఈ మాట చెప్పింది: దేవతల అప్పు యజ్ఞంతో తీరుతుంది, పితరుల అప్పు సంతానంతో తీరుతుంది, ఋషుల అప్పు బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర ఉండి చేసే అధ్యయనంతో తీరుతుంది. వీటిలో ఋషి రుణం లెక్క ప్రత్యేకమైనది. ఇచ్చినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, వాళ్లకు తిరిగి చెల్లించే దారి లేదు. శ్రద్ధగా నేర్చుకోవడం, నేర్చుకున్నదాన్ని రాబోయే తరానికి అందించడం, ఇదే చెల్లింపు. ఈనాటి విద్యార్థి నెత్తిమీది అప్పు వేరు. దాన్ని బ్యాంకుకు నెలనెలా వడ్డీతో కట్టాలి. ఈ రెండో అప్పు పెరిగినకొద్దీ మొదటిది మనసులోంచి చెరిగిపోతోంది. ఫీజుల పెరుగుదలను మనం ఇంటి ఖర్చుల సమస్యగా చూస్తున్నాం. అది ధర్మానికి జరుగుతున్న నష్టమని, డబ్బు నష్టం కంటే అదే పెద్దదని నా వాదన.

వైద్యవిద్యను చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఎం.బి.బి.ఎస్. ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచింది. అంతకుముందు నిర్ణయించిన ఫీజుకు అది ఏడు రెట్లు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థిస్తూ, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదనీ, ఫీజు ఎప్పుడూ భరించగలిగేలా ఉండాలనీ చెప్పింది. ఆ ఫీజే నిలిచి ఉంటే నాలుగున్నరేళ్ల చదువు ఖర్చు కోటి దాటేది. అంత అప్పు చేసి డాక్టరైనవాడికి పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీదికి మనసెలా పోతుంది? అతణ్ణి తప్పుపట్టడం తేలికే. కానీ తన చదువును తాను కొనుక్కున్నానన్న భావన అతనిలో నాటింది సమాజమే. కొనుక్కున్నదాని మీద ఇంకొకరికి హక్కు ఉందని ఎవరూ ఒప్పుకోరు. పొలమో ఇల్లో తాకట్టు పెట్టి అమెరికాలో ఎం.ఎస్. చదువుకు పంపిన తెలుగు కుటుంబాల్లోనూ ఇదే జరుగుతోంది. పిల్లలు ఏ ఉద్యోగం చేయాలో, ఎక్కడ ఉండాలో అప్పే నిర్ణయిస్తుంది. పరిశోధన, బోధన, ప్రజాసేవ వాళ్ల లెక్కలోకే రావు. బోధన వైపే రాలేనివాడు ఋషుల అప్పు తీర్చేదెలా?

గురువు కూడా బతకాలి కదా, భవనాలకూ ప్రయోగశాలలకూ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పూర్వులు ఆ ఖర్చును కాదనలేదు, దాన్ని విద్యార్థి భుజాన వేయలేదంతే. జీతం పుచ్చుకుని చదువు చెప్పడాన్ని మనుస్మృతి ఉపపాతకాల్లో చేర్చింది. చదువు పూర్తయ్యేదాకా గురువుకు ఏమీ ఇవ్వనక్కర్లేదనీ, పూర్తయ్యాక శక్తికొలదీ ఇవ్వాలనీ, అది పొలమైనా కూరగాయలైనా సరేననీ చెప్పింది. రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడనే విద్యార్థి 14 కోట్ల గురుదక్షిణ కోసం రఘు మహారాజు దగ్గరికి వస్తాడు. అప్పటికే సర్వస్వం దానం చేసి మట్టిపాత్రతో మిగిలిన రాజు, విద్యావంతుడు తన వాకిటి నుంచి ఉత్తచేతులతో వెళ్లడం తనకు అపకీర్తి అని భావిస్తాడు. చదువు భారం రాజ్యానిదన్న నమ్మకం ఆ కథకు ఆధారం. కావ్యంలోనే కాదు, శాసనాల్లోనూ ఇది ఉంది. గుంటూరు ప్రాంతంలోని 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, రుద్రమదేవి కాలంలో మందడం, వెలగపూడి గ్రామాలు శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి దానంగా అందాయి. ఆ భూముల రాబడితో వేదాలూ తర్కమూ సాహిత్యమూ చెప్పే ఆచార్యులు, విద్యార్థులు, ప్రసూతిశాల, అన్నసత్రం నడిచాయి.

ఆ ఉచిత విద్య ఎవరికి ఉచితం అన్నది ఇంకా బలమైన ప్రశ్న. శూద్రులకూ స్త్రీలకూ వేదవిద్యను నిరాకరించింది ఆ మనుస్మృతే. ఏకలవ్యుడి బొటనవేలు ఏ లెక్క కింద తెగిందో ఎవరూ సమర్థించలేరు. ఆ అన్యాయాన్ని దాచిపెట్టి పాతకాలాన్ని పొగడటం అబద్ధం. అయితే తప్పు సూత్రంలో లేదు, దాన్ని కొద్దిమందికే పరిమితం చేయడంలో ఉంది. చదువును డబ్బుతో కొలవకూడదన్న నియమం ఒక వర్ణానికి మేలు చేసిందంటే, దాన్ని అందరికీ వర్తింపజేయడమే దిద్దుబాటు. ఫీజుల గోడ కట్టడం ఆ దిద్దుబాటు కాదు. పుట్టుకను బట్టి మూసిన తలుపును ఇప్పుడు ఆస్తిని బట్టి మూస్తున్నాం, వెలుపల మిగిలేది చాలావరకు ఆనాడు వెలివేసిన కుటుంబాల పిల్లలే. ప్రభుత్వమే ఫీజు చెల్లించే రీయింబర్స్‌మెంట్ పథకం ఆ తలుపు కొంత తెరిచింది. కానీ ప్రభుత్వ బకాయిలు పేరుకుని, కళాశాలలు సర్టిఫికెట్లు ఆపినప్పుడు ప్రభుత్వం చేసిన అప్పుకు విద్యార్థి తాకట్టు అవుతున్నాడు.

ఆఖరి అభ్యంతరం పన్ను కట్టే పేదవాడి పక్షాన వస్తుంది. కళాశాల గడప తొక్కని కూలీ సొమ్ముతో రేపు లక్షలు సంపాదించబోయేవాణ్ణి చదివించడం ఏం న్యాయం? దీనికి దాటవేత జవాబు సరిపోదు. చదువుకున్నవాడు ఆ కూలీకి నిజంగానే అప్పుపడ్డాడు, అందుకే ఆ అప్పును గుర్తుచేసే పద్ధతి కావాలి. ఆస్ట్రేలియా 1989లో మొదలుపెట్టిన విధానంలో విద్యార్థి తన వంతు సొమ్మును ఆదాయం ఒక స్థాయి దాటినప్పుడే, పన్నుతోపాటు కడతాడు. మామూలు రుణంలా వడ్డీ ఉండదు, ధరల పెరుగుదలను మించి బాకీ పెరగదు. ముందు చదువు, తర్వాత శక్తికొలదీ దక్షిణ అన్న పాత నియమానికి ఇది దగ్గర. దీనికి మనం ఇంకొకటి చేర్చుకోవచ్చు: పల్లె ఆస్పత్రిలో, ప్రభుత్వ బడిలో చేసిన సేవను చెల్లింపుగా లెక్కగట్టడం. బ్యాంకు అప్పు ఆఖరి వాయిదాతో ముగిసిపోతుంది, ఆ తర్వాత ఎవరికీ ఏమీ బాకీ లేననుకునే హక్కు మనిషికి వస్తుంది. చదువుకున్నవాడికి ఆ హక్కు ఉండకూడదు. అతను బాకీపడింది తనకంటే వెనకబడినవాళ్లకు. ఆ బాకీ తీర్చే స్తోమత అతనికి మిగలాలంటే, చదువు పేరుతో అతణ్ణి ముందే అప్పుల్లో ముంచడం మనం మానుకోవాలి.