బాగుకాని జబ్బులో చెవికి వైద్యమెందుకు?



"ప్రాణానికే భరోసా లేని బిడ్డకు చెవి మిషను ఎందుకండీ?" అను మాట కుటుంబములలో వినబడుచుండును. అడుగువారు కఠినులు కారు. ఖర్చును, బిడ్డ బాధను చూచి అడుగుదురు. గనుక నిదానముగా జవాబు చెప్పవలసియున్నది.

హర్లర్, హంటర్ అను జబ్బులను తీసికొందము. కొన్ని చక్కెర పదార్థములను విరుగగొట్టు ఎంజైము పుట్టుకతోనే లోపించుటవలన అవి కణములలో పేరుకొనును. ఎముకలు, గుండె, కాలేయము, అనేకులలో మెదడు దెబ్బతినును. కర్ణభేరి వెనుక జిగురు నీరు నిలిచి, కొందరిలో లోపలి చెవి కూడ చెడి వినికిడి తగ్గును. హర్లర్‌కు 2003లో, హంటర్‌కు 2006లో అమెరికాలో ఎంజైము మందులకు అనుమతి వచ్చినది. అయితే రక్తనాళములోనికి ఎక్కించు ఆ మందు మెదడుకు తగినంత చేరదు. మన ప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధుల విధానము ప్రకటించి, 2022లో సహాయ పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచినది. జీవితాంతము వాడవలసిన మందుకు అదియు చాలదు.

ఇంత బరువు ముందు చెవి చిన్న విషయముగా తోచును. కాని వైద్యము విలువను ఎన్నేండ్లు బ్రతికించునను లెక్కతోనే కొలువవచ్చునా? ముసలివారికి కళ్ళజోడు కొనునప్పుడు ఇంకెన్నేండ్లు చూతురని మనము అడుగము. బిడ్డ విషయములో మాత్రము ఎందుకు అడుగవలెను? తల్లి పిలుపు విని తల త్రిప్పుట ఆ దినమునకు ఆ దినమే మేలు. అది రేపటికి పెట్టుబడి కానక్కరలేదు.

మరియొక సంగతి. వినబడని పిల్లవానిని మొద్దు, మొండి అనుట తరగతి గదిలో మామూలే. ఈ జబ్బున్న బిడ్డ పలుకకపోతే అంతయు మెదడు మీదికి నెట్టి, చెవిని పరీక్షింపనే పరీక్షింపరు. బయోటినిడేజ్ లోపము అను మరియొక జబ్బులో బయోటిన్ విటమినును ముందుగా మొదలుపెట్టిన వినికిడిని కాపాడవచ్చును. పోయిన తరువాత అది సాధారణముగా తిరిగి రాదు.

అట్లని చేయగలిగినదంతయు చేయుటే ప్రేమ కాదు. చెవిలో చిన్న గొట్టము పెట్టుటకు మత్తు ఇవ్వవలెను. హర్లర్, హంటర్ పిల్లలకు శ్వాసమార్గము ఇరుకుగా ఉండుటవలన మత్తే ప్రమాదకరము. గనుక కత్తి అవసరము లేని మిషనును ముందు ఆలోచింపవలెను. వేరొక ఆపరేషను తప్పనప్పుడు, అనుభవజ్ఞుల చేత ఒకే మత్తులో రెండును చేయవచ్చునేమో అడుగవలెను. ఓపికగా అలవాటు చేసినను బిడ్డ మిషనును సహింపకపోతే తీసివేయుట నేరము కాదు. మేలు ఎవరికన్నదే కొలత.

మైసూరులో 1965 నుండి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. ముంబయిలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నది. ఆ ప్రాంతముల మనవారు వాటిని ఉపయోగించుకొనవలెను.

"మేనరికము చేసికొన్నారు, అనుభవించుచున్నారు" అని తల్లిదండ్రులను పొడువవద్దు. హర్లర్‌లో ఇద్దరును తెలియకనే లోపమును మోయుదురు. ప్రతి కాన్పుకు నాలుగింట ఒక వంతు అవకాశము. మేనరికములో ఆ అవకాశము కలియుట హెచ్చే గాని, బంధుత్వము లేనివారికిని అది కలుగును. మరుసటి కాన్పుకు ముందు జన్యు వైద్యుని సలహా పొందుమని చెప్పుటే మేలు.

అట్టి ఇంటికి వెళ్ళినప్పుడు ఎన్నాళ్ళు బ్రతుకునని అడుగకుడి. బిడ్డకు ఎదురుగా కూర్చుండి, పెదవులు కనబడునట్లు, పేరు పెట్టి మెల్లగా పిలువుడి.