మరి ఎవరింట్లో నేర్చుకోవాలి సార్?

 

ఈ వారం వీడియోలో పూరీ రథాల గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ చాలక వదిలేసిన మాట ఒకటుంది, అది ఇక్కడ చెప్తాను. కొంచెం సిగ్గుపడాల్సిన మాటే, ఎందుకంటే అది నా గురించి.

పోయిన ఏడాది మా ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్ పని పెట్టించాం. వడ్రంగి మేస్త్రి వెంట 19 ఏళ్ల కుర్రాడు వచ్చేవాడు. పని నేర్చుకుంటున్నాడు. ఒకరోజు సన్మైకా షీటు అర అంగుళం తక్కువ కోసేశాడు. షీటు మొత్తం వేస్టు. నాకు కోపం ఆగలేదు. "నేర్చుకోవడానికి మా ఇల్లే దొరికిందా?" అనేశాను.

కుర్రాడు తల దించుకున్నాడు. మేస్త్రి మాత్రం నెమ్మదిగా, "మరి ఎవరింట్లో నేర్చుకోవాలి సార్? నేనూ ఎవరో ఒకరింట్లోనే కదా నేర్చుకున్నది. షీటు డబ్బులు నా కూలీలో పట్టుకోండి. రెండోది కూడా వీడే కోస్తాడు" అన్నాడు.

కెమెరా ముందు కూర్చుని గురువు గొప్పతనం గురించి గంటలు గంటలు చెప్పే నా దగ్గర ఆ మాటకి జవాబు లేదు.

ఆ రాత్రి ఇంద్రద్యుమ్న మహారాజు కథ గుర్తొచ్చింది. సముద్రంలో కొట్టుకొచ్చిన దారువును మూర్తిగా చెక్కడానికి ఒక ముసలి వడ్రంగి వస్తాడు. ఆయన విశ్వకర్మే అంటారు. "21 రోజులు తలుపు తీయకూడదు" అని ఒకటే షరతు. కొన్ని రోజులకి లోపల ఉలి చప్పుడు ఆగిపోతుంది. ముసలాయనకు ఏమైందోనని గుండిచా రాణి కంగారుపడుతుంది. రాజు తలుపు తీయిస్తాడు. లోపల వడ్రంగి లేడు. చేతులూ పాదాలూ పూర్తికాని మూర్తులు మాత్రం ఉన్నాయి.

రాజుకి చెడ్డ బుద్ధేం లేదు. ఓపిక పట్టలేకపోయాడు, అంతే. అక్కడ పనివాడు విశ్వకర్మ, ఇక్కడ పనివాడు నిన్నగాక మొన్న రంపం పట్టిన కుర్రాడు. కానీ తలుపు తీసే తొందర మాత్రం ఇద్దరిదీ ఒక్కటే, రాజుదీ నాదీ.

ఇంకో సంగతి చూడండి. స్వామి ఆ పూర్తికాని రూపాన్ని కాదనలేదు. ఈ రోజుకీ రత్నసింహాసనం మీద అలాగే కొలువై ఉన్నాడు. ఆయనే ఒప్పుకున్న అసంపూర్ణాన్ని ఒక కుర్రాడి చేతుల్లో చూసి ఒప్పుకోలేకపోయాను నేను.

ఇక రథాల సంగతి. అక్షయ తృతీయ నాడు పని మొదలై, ఆషాఢ శుద్ధ విదియకల్లా మూడు రథాలూ సిద్ధం కావాలి. జగన్నాథుడి నందిఘోషకి 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్రమ్మ దర్పదళనానికి 12. మొత్తం 42 చక్రాలు. మహారాణా అనే వడ్రంగి సేవకులు తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన కొలతలతోనే వాటిని చేస్తారు. యాత్ర అయ్యాక రథాలు విప్పేస్తారు. మళ్లీ ఏడాది మళ్లీ మొదటి నుంచి.

ఎందుకింత శ్రమ? ఆచారంలో కారణాలు చాలా ఉంటాయి. నాకు తోచింది ఒకటి చెప్తాను. వందేళ్లు నిలిచే ఇనుప రథం చేసేస్తే, మనవడికి దానికి రంగు వేయడం తప్ప ఏమీ రాదు. ఏటా కొత్తగా చేస్తారు కాబట్టే ఏటా ఎవరో ఒక కుర్రాడు తాత పక్కన కూర్చుని మొదటిసారి ఉలి పడతాడు.

భగవద్గీత 4వ అధ్యాయం 34వ శ్లోకంలో జ్ఞానం పొందడానికి మూడు చెప్పారు: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. అది ఆత్మజ్ఞానం గురించే, నిజమే. కానీ వడ్రంగి దగ్గర కూడా చూడండి. పనిముట్టుని కళ్లకద్దుకోవడం ప్రణిపాతం. "ఈ చెక్కకి చిత్రిక ఇటువైపే ఎందుకు పట్టాలి?" అని అడగడం పరిప్రశ్న. చెక్కపొట్టు ఊడవడం సేవ. అయితే అదే శ్లోకం జ్ఞానులు ఉపదేశిస్తారని కూడా అంటుంది. అది గురువు వంతు. ఏళ్ల తరబడి టీలు తెప్పించుకుని రంపం చేతికివ్వకపోతే దాన్ని సేవ అనరు, చాకిరీ అంటారు.

2023లో విశ్వకర్మ జయంతి రోజున, సెప్టెంబర్ 17న, కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. వడ్రంగంతో కలిపి 18 వృత్తులు, శిక్షణలో రోజుకి 500 రూపాయల స్టైపెండ్. మంచిదే. కానీ నేర్చుకునేవాడు తప్పు చేయడానికి చోటు ఏ పథకం ఇస్తుంది? అది మనమే ఇవ్వాలి. మీలో చాలామంది ఈపాటికే ఆఫీసులో జూనియర్లకి పని నేర్పే స్థానంలో ఉండి ఉంటారు. మీ ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్ వెనకాల కూడా ఒక కుర్రాడు వైర్లు పట్టుకుని నిలబడతాడు. ఈసారి అతన్ని పేరు అడగండి. తప్పు జరిగితే ఒక్క క్షణం ఆగండి.

మర్నాడు రెండో షీటు వచ్చింది. మేస్త్రి కుర్రాడి చేత రెండుసార్లు కొలిపించాడు, పెన్సిల్ గీత తను చూశాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడి చెయ్యి వణికింది, అయినా మేస్త్రి ముట్టుకోలేదు. కోత గీత మీదే వచ్చింది.

ఆ షీటు డబ్బులు నేను కూలీలో పట్టుకోలేదు. గురుదక్షిణలో నా వంతు అనుకున్నాను.

సర్వం శ్రీ జగన్నాథార్పణమస్తు.