శోకమూ, శిలాస్తంభమూ

ఆప్తులను కోల్పోయినవారితో "మరచిపోండి, గుండె దిటవు చేసుకోండి" అంటాము. మరపు నిజంగా ఉపశమనమేనా? గతించినవారిపై గల మమకారాన్ని మనసు క్రమంగా ఉపసంహరించుకోవడమే శోకవిముక్తి అని 1917లో ఫ్రాయిడ్ ప్రతిపాదించాడు.

బస్తర్ మాడియా గోండులది వేరొక మార్గం. మృతుల స్మృతిగా నిలువురాతినో, చెక్కిన దారుస్తంభాన్నో నిలపడం వారి ఆచారం. గ్రిగ్సన్ 1938 నాటి గ్రంథంలో దీనిని వర్ణించాడు. పెద్ద రాతిని ఒక్కరే ఎత్తలేరు. బంధువులు, ఊరివారు చేయి కలపాలి.

మా తల్లి గతించిన ఏడాది ఆమె పేరెత్తడానికి ఇంటిల్లిపాదీ జంకాము. ఆ మౌనం దుఃఖాన్ని తగ్గించలేదు. మమ్మల్ని ఒకరికొకరిని దూరం చేసింది. చివరకు తద్దినం నాడు ఆమె ముచ్చట్లు చెప్పుకున్నప్పుడే మనసులు తేలికపడ్డాయి. శోకార్తునికి మరపును బోధించడంకంటె, అతని స్మరణలో పాలుపంచుకోవడమే మన ధర్మమనిపిస్తుంది.