పోతన గారు పని మానలేదు

జీతం కాస్త తగ్గినా సరే, నిదానమైన ఉద్యోగం చూసుకోవడం బద్ధకమా? మా చందానగర్‌లో నా వయసు వాళ్ళని చాలామందిని తొలిచే ప్రశ్న ఇది. ఇక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట, ఆ తర్వాత హైటెక్ సిటీనే. దూరం అంతే. కానీ రాత్రయ్యేసరికి ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీసు కూడా ఇంటికి వచ్చేస్తుంది.

15వ శతాబ్దపు పోతన గారిని తలుచుకోండి. జనగామ జిల్లా బమ్మెర ఆయన ఊరు అంటారు. భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వకుండా, పొలం దున్నుకుని బతికారని పెద్దలు చెప్తారు. మనం అందులో త్యాగమే చూస్తాం. కష్టం కూడా చూడాలి కదా! సేద్యం తేలికా? భాగవతం తెలుగు చేయడం తేలికా? ఆయన పని మానలేదు. ఏది అమ్మకూడదో తేల్చుకున్నారు, అంతే.

ఇంటి లోను, అమ్మానాన్నల మందుల ఖర్చు ఉన్నవాళ్ళకి ఇది చెప్పినంత సులువు కాదు. వాళ్ళని చూసుకోవడమూ ధర్మమే. అందుకే ఉద్యోగం మానెయ్యమని అనను. ఒక్క లెక్క వేసుకోండి. ఇంటికి నిజంగా ఎంత కావాలి? ఆపైన వచ్చే డబ్బు కోసం ఏ గంటని ఇచ్చేస్తున్నాం? నిద్రనా, పిల్లలతో కబుర్లనా, సాయంత్రం దీపం పెట్టే వేళనా?

అందులో అమ్మకూడని గంట ఏదో ఈరోజే తేల్చుకోండి. శ్రీరామరక్ష.