ఆకలి, రుచి, తృప్తి: స్థూలకాయ శస్త్రచికిత్స లేవనెత్తే ఒక నైతిక ప్రశ్న

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్న సామెతను అన్నానికి వంక పెట్టేవారిని మందలించడానికి వాడడం పరిపాటి. ఆకలిగొన్నవాడికి గంజి అయినా అమృతమేనన్నది దాని స్థూలార్థం. అయితే అందులో మరొక అర్థమూ ఇమిడి ఉంది. ఆకలి ఉధృతంగా ఉన్నంతసేపు నాలుకకు తీరిక ఉండదు. రుచి తెలియాలంటే ఆకలి కొంత వెనక్కి తగ్గాలి. ఈ రెండో అర్థానికి ఆధునిక వైద్యం ఒక విచిత్రమైన ఉదాహరణను సమకూర్చింది. బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కుదించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో కొందరికి ఆ తరువాతనే మంచి భోజనం విలువ తెలిసివస్తుంది. కడుపు చిన్నదయ్యాక రుచి పెద్దదవడం ఎలా సాధ్యం? కత్తి వల్ల కలిగిన మితాన్ని సుగుణం అనవచ్చునా? గుంటూరు, ప్రకాశం సీమల భోజన సంస్కృతి నేపథ్యంలో ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సీమలో వడ్డన సమృద్ధికి గొప్ప గౌరవం ఉంది. ఆ గౌరవానికి మూలం లేమి. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూటిని అధిక్షేపిస్తాయి; సన్నబియ్యానికి అలవాటుపడిన కవికి ఆ నేల కరుకుగా తోచింది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామంలోనేమో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం కన్నులపండువుగా కనిపిస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో కుడి కాలువ కింద మాగాణి పెరిగింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చాక వరి అన్నం పేదల పళ్ళేనికీ చేరింది. జొన్న సంకటి జ్ఞాపకం తాజాగా ఉన్న తరానికి పళ్ళెం నిండా తెల్లని అన్నం భోజనమే కాదు, ఒక గెలుపు కూడా. మాయాబజార్ (1957) చిత్రంలో ఘటోత్కచుని విందు ప్రేక్షకులను అంతగా అలరించడానికి ఈ గతం కూడా ఒక కారణం కావచ్చు.

ఇక్కడ మిరప పాత్రను ప్రత్యేకంగా గమనించాలి. పోర్చుగీసుల రాకతో ఈ దేశానికి చేరిన మిరప శ్రీనాథుని కాలానికి లేదు. నేడు గుంటూరు సన్నం భౌగోళిక గుర్తింపు పొందిన పంట. కూరలు కరువైన ఇంట్లో పండుమిరప పచ్చడో గోంగూరో కొంచెం ఉంటే చాలు, ఎంతో అన్నం లోపలికి పోతుంది. అంటే కారం ఇక్కడ రుచి మాత్రమే కాదు. అన్నాన్ని నడిపించే శక్తి కూడా. పొలంలో పగలంతా శ్రమించే దేహానికి అది అవసరం. శ్రమ తగ్గి పళ్ళెం మాత్రం తగ్గనప్పుడు అదే అలవాటు బరువుగా, మధుమేహంగా పరిణమించే అవకాశం ఉంది.

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే శస్త్రచికిత్సలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. 1999లో కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ప్రధానంగా ఆ భాగంలోనే తయారవుతుంది కనుక ఆకలి కూడా తగ్గుతుంది. రోగి మొదట ద్రవాలు, తరువాత మెత్తని ఆహారం, ఆపై ఘనాహారం అనే క్రమంలో తిండిని మళ్ళీ నేర్చుకుంటాడు. బాగా నమలాలి, మెల్లగా తినాలి, భోజనం మధ్య నీళ్ళు తాగకూడదు, మాంసకృత్తులకు మొదటి చోటివ్వాలి. పలువురిలో రుచి, వాసనల గ్రహణం మారుతుంది. నాలుగు ముద్దలకే చోటున్నప్పుడు ఆ నాలుగూ ఏవి కావాలన్నది ఆలోచించవలసిన విషయమవుతుంది. అంతకుముందు అన్నంలో కలిసిపోయిన కందిపచ్చడి కమ్మదనం, గోంగూర పులుపు ఇప్పుడు విడివిడిగా తెలుస్తాయి.

దీనికి మొదటి ఆక్షేపణ: మితం కత్తి ఇచ్చినదైతే అందులో మనిషి గొప్ప ఏముంది? అరిస్టాటిల్ కోరికతో పోరాడి నెగ్గే నిగ్రహిని, పోరాటమే అక్కరలేని మితశీలిని వేరుచేశాడు. శస్త్రచికిత్స చేయించుకున్నవాడు ఈ ఇద్దరిలో ఎవరూ కాడనిపిస్తుంది. కానీ కత్తి పరిమాణాన్ని తగ్గిస్తుందే కాని ఎంపికను నిర్ణయించదు. ఐస్‌క్రీమూ తీపి పానీయాలూ చిన్న జీర్ణాశయం గుండానూ సులువుగా జారిపోతాయి. ఏళ్ళు గడిచాక బరువు తిరిగి పెరిగినవారూ ఉన్నారు. కనుక శస్త్రచికిత్స ఇచ్చేది సుగుణం కాదు, దాన్ని అలవరచుకునే అవకాశం. ఉపవాసదీక్షకు తిథి, ఆశ్రమ జీవనానికి నియమం ఎలాంటి బాహ్య సహాయాలో ఇదీ అలాంటిదే. సహాయం బయటినుంచి వచ్చినంత మాత్రాన సాధన అబద్ధం కాదు.

రెండో ఆక్షేపణ గాంధీజీ అస్వాద వ్రతం నుంచి వస్తుంది. ఆహారాన్ని మందులా తగు మోతాదులో తీసుకోవాలనీ, జిహ్వను జయించాలనీ ఆయన బోధించాడు. అలాంటప్పుడు రుచి పట్ల కొత్త మక్కువ పతనం కాదా? ఇక్కడ అరిస్టాటిల్ చెప్పిన మరో ఉదాహరణ ఉపకరిస్తుంది. ఒక తిండిపోతు తన గొంతు కొంగ గొంతుకన్నా పొడవు కావాలని ప్రార్థించాడట. అతనికి కావలసింది రుచిలోని వివేకం కాదు, మింగడంలోని స్పర్శ. గాంధీజీ భయపడిన దాస్యం ఈ మింగుడుదే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువుకు తగిన వంటకాలతో అతిథులను ఆదరిస్తాడు. అక్కడ రుచి భోగం కాదు, ఎదుటివాని దేహం పట్ల శ్రద్ధ. నెమ్మదిగా నమిలేవాని రుచి ఈ రెండో కోవకు చెందగలదు.

మూడో ఆక్షేపణ అన్నింటికన్నా బరువైనది. ఉపవాసి, అన్నం లేక పస్తున్నవాడు ఇద్దరూ తిననివారే అయినా వారి స్థితి ఒకటి కాదని అమర్త్య సేన్ స్పష్టం చేశాడు. ఒకరికి ఎంపిక ఉంది, మరొకరికి లేదు. మిరప కోతలకు కర్నూలు ప్రాంతం నుంచి వలస వచ్చే కూలీల పళ్ళెంలోనూ నాలుగు ముద్దలే ఉండవచ్చు. కాయలు కోసి, తొడిమలు తీసి మండిన చేతులతో కలుపుకున్న ఆ ముద్దలను 'మితాహారం' అనడం అన్యాయం. ఆకలి తగ్గించుకోవడానికి డబ్బు వెచ్చించగలవాడు రుచిని గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను మరచిపోతే అతని రసజ్ఞత కేవలం విలాసం. అన్నాన్ని నిందించరాదన్న తైత్తిరీయ ఉపనిషత్తు నియమాన్ని అన్నం పండించినవారిని మరవరాదన్నంత వరకు విస్తరించుకోవాలి.

ఈ చర్చకు ఇంటి పంక్తిలోనూ ఫలితం ఉంది. 'ఇంకొక్క ముద్ద' అని కొసరడం ఇక్కడి ఆప్యాయత భాష. వద్దంటే ఇల్లాలు నొచ్చుకుంటుంది. లేమి కాలంలో ఆ కొసరు త్యాగం, ఎందుకంటే ఆ ముద్ద ఆమె వాటాలోది. నేడు అదే కొసరు అతిథి దేహానికి హాని కావచ్చు. వడ్డించేవారు చేతిని ఆపడం నేర్చుకోవాలి. తినేవారు కొద్దిగా తిన్నా ఏది ఎలా ఉందో గుర్తించి చెప్పడం నేర్చుకోవాలి. పళ్ళేన్ని ఖాళీ చేసి చూపే కృతజ్ఞత స్థానంలో రుచిని పేరుపెట్టి చెప్పే కృతజ్ఞత రావాలి. ఆకలి రుచి ఎరుగదన్న సామెత అప్పుడూ నిజమే. ఆకలి తీరినవాడికి రుచి ఎరగవలసిన బాధ్యత ఉందన్నది దానికి చేర్చుకోవలసిన మాట.