పాలపంటిలో పుట్టినరోజు

నిన్న మనవరాలి మొదటి పాలపన్ను ఊడింది. "తాతయ్యా, చూడు" అంటూ అరచేయి చాపింది. బియ్యపుగింజంత పన్ను. పైన మీగడ తెలుపు. కింద వేరు కరిగిపోయి గుల్ల.

ఆ తెలుపే ఎనామిల్. మన ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు. బరువులో 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టినవి అమెలోబ్లాస్ట్ కణాలు. పిల్ల కడుపులో నాలుగో నెలలో ఉండగానే, చిగురు లోపలి చీకట్లో పని మొదలుపెట్టాయి. రోజుకు మూడు నాలుగు మైక్రాన్లు. వెంట్రుక మందం కట్టడానికే దాదాపు మూడు వారాలు!

ఏ రోజు పని ఆ రోజు సన్నటి చారగా మిగిలిపోతుంది. ఆ చారల నడుమ మైక్రోస్కోపులో ఒక గీత ముదురుగా కనిపిస్తుంది. అది పుట్టినరోజు గీత. కడుపులోంచి లోకంలోకి వచ్చిన ఆ కుదుపుకి కణాలు తడబడి, మళ్ళీ పని అందుకున్న గుర్తు. ఆసుపత్రి వరండాలో మేమంతా ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న రాత్రి ఈ గింజలో ఉందన్నమాట.

ఈ కణాలు ముందు ప్రోటీన్‌తో అచ్చు కడతాయి. తర్వాత ఆ ప్రోటీన్‌నే కరిగించి తీసేస్తూ, ఆ చోటంతా కాల్షియం, ఫాస్ఫేట్‌లకు వదిలేస్తాయి. తాము పెట్టింది తామే తీసేస్తే గాని గట్టిదనం రాదు. పన్ను చిగురు చీల్చుకుని బయటపడేసరికి ఆ కణాలూ ఉండవు. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

ఒక్కసారే జరిగే పనిలో లోపం కూడా ఉండిపోతుంది. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద సుద్దలాంటి మచ్చలు, గోధుమరంగు చారలు చూశాను. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ ప్రోటీన్ పూర్తిగా తొలగిపోదు; ఎనామిల్ లోలోపల గుల్లబారుతుంది. ఎంత తోమినా ఆ చారలు పోవు. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి చేసిన తప్పేమీ లేదు. కణాల తప్పూ లేదు. అందిన నీళ్ళతోనే అవి కట్టాయి. పసివాళ్ళకు మంచినీళ్ళు అందించాల్సింది పెద్దవాళ్ళం.

పాలపన్ను ఇంటికప్పు మీదికి విసిరేసి పిల్ల నవ్వింది. ఆ ఖాళీలో కొత్త పంటి అంచు, రంపంలా చిన్న చిన్న గొగ్గులతో, అప్పుడే తొంగిచూస్తోంది. దాన్ని కట్టిన కణాలు తమ పని ముగించేశాయి. ఇక కాచుకోవలసింది మేమే. రాత్రి నిద్ర ముంచుకొస్తోందని పిల్ల మారాం చేస్తున్నా, బ్రష్ తెచ్చి దాని చేతిలో పెట్టాను.